టైరు మీది మూడు మాటలు

మొన్న మార్చిలో తెలిసిన కుర్రాడొకడు ఫోను చేశాడు. ఎమ్మెస్‌కని టెక్సస్ వచ్చి ఏడాదిన్నర అయింది. లక్షా పదివేల మైళ్ళు తిరిగిన పాత సెడాన్ ఒకటి కొనుక్కుని నడుపుకుంటున్నాడు. "అన్నా, టైర్లు నాలుగూ పోయాయంటున్నారు. షాపువాళ్ళు మూడు రకాలు చూపించారు. ఏవి వేయించుకోమంటావ్?" అన్నాడు. టైరు పక్కభాగం ఫొటోలు తీసి పంపమన్నాను. మూడూ పంపాడు. ఒకదాని మీద ట్రెడ్‌వేర్ (ఎంత మన్నుతుందో) 500, ట్రాక్షన్ (తడి రోడ్డు మీద పట్టు) ఏ (A), టెంపరేచర్ (వేడిని తట్టుకోవడం) ఏ. రెండోది 640, ఏ, ఏ. మూడోది 700, ఏ, ఏ. అన్నిటికన్నా చవక ఆ 700దే.

"నంబరు ఎక్కువ, ధర తక్కువ. ఇంకేం ఆలోచించాలన్నా?"

నేను ఈ దేశంలో కారు నడపడం మొదలుపెట్టి 19 ఏళ్ళయింది. అయినా వాడికి అవునని చెప్పలేకపోయాను, కాదనీ చెప్పలేకపోయాను. ప్రభుత్వం చట్టం చేసి, కొనేవాళ్ళ కోసమే టైరు మీద అచ్చు వేయించిన మూడు గ్రేడ్లు కళ్ళముందున్నాయి. మూడింట్లో రెండు అన్ని టైర్లకీ ఒకటే. మిగిలిన ఒక్క నంబరునీ నమ్మమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎందుకు రాలేదో ఆ రోజు ఫోనులో వివరించే తీరిక లేకపోయింది.

ముందుగా ఆ అక్షరాలు ఎక్కడుంటాయో చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఎప్పుడూ చూసి ఉండరు. టైరు పక్కభాగంలో, సైజు అంకెల చుట్టుపక్కలే ఉంటాయి. నల్ల రబ్బరు మీద నల్ల అక్షరాలు కాబట్టి నిలబడి చూస్తే కనపడవు. మోకాళ్ళ మీద కూచుని, తడిగుడ్డతో మట్టి తుడిచి, ఫోను లైటు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే అప్పుడు తేలతాయి. ట్రెడ్‌వేర్ అన్న మాట, దాని పక్కన ఒక అంకె. ట్రాక్షన్, ఒక అక్షరం. టెంపరేచర్, ఇంకో అక్షరం. (కూచున్నారు కదా, డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్ చివరి నాలుగంకెలు కూడా చూసుకోండి. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారం తయారైందని. పాత కారు కొనేటప్పుడు ఆ నాలుగంకెలు చూడకుండా డబ్బివ్వొద్దు.)

ఈ మూడు మాటలు ఊరికే రాలేదు. 1966 సెప్టెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన వాహన భద్రతా చట్టంలోనే, టైర్లన్నిటికీ ఒకే తీరు నాణ్యతా గ్రేడ్లు రెండేళ్ళలోగా తీసుకురావాలని ప్రభుత్వానికి కాంగ్రెస్ ఆదేశం ఇచ్చింది. రెండేళ్ళన్నది పదమూడేళ్ళయింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. గుడ్‌రిచ్ టైర్ల కంపెనీ పేరు మీద నడిచిన కేసులో ఆరో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు 1976లో నిబంధనను చాలావరకు నిలబెట్టింది. చివరికి పాతకాలపు బయాస్ టైర్లకు 1979లో, ఇప్పుడు మనమంతా వాడే రేడియల్ టైర్లకు 1980లో గ్రేడ్లు అమల్లోకొచ్చాయి.

మూడేళ్ళు గడిచాయో లేదో, 1983లో ఆ పనిచూసే జాతీయ రహదారి భద్రతా సంస్థే ట్రెడ్‌వేర్ గ్రేడును పక్కన పెట్టేసింది. పరీక్ష ఫలితాలు నిలకడగా రావడం లేదు, ఆ నంబరు జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది అంది. పబ్లిక్ సిటిజన్ అనే వినియోగదారుల సంస్థ కోర్టుకు వెళ్ళింది. పక్కన పెట్టడానికి చూపించిన కారణాలు సరిపోవని 1984లో వాషింగ్టన్ డీసీ అప్పీళ్ళ కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అలా ఆ నంబరు మళ్ళీ టైరెక్కింది.

ఈ చరిత్ర చదివినప్పుడు నాకు కోర్టులో గెలిచినవాళ్ళ మీద గౌరవం కలిగింది. కానీ గెలిచాక ఏం జరిగింది? సంస్థ చెప్పిన లోపం అబద్ధం కాదు. ఆ లోపాన్ని దిద్దుకోమన్నట్టుగా తీర్పు వచ్చింది. లోపాన్ని దిద్దే బదులు, నంబరును ఉన్నదున్నట్టు వెనక్కి తెచ్చి, నలభై ఏళ్ళుగా అలాగే సాగదీస్తున్నారు. అక్కడక్కడా సవరణలు జరిగాయి తప్ప పునాది మారలేదు.

ఆ నంబరు ఎక్కడ పుడుతుందో చూడాలని రెండేళ్ళ కిందట పని పెట్టుకుని వెళ్ళాను. పశ్చిమ టెక్సస్‌లో శాన్ ఏంజెలో అనే ఊరుంది. దాని చుట్టూ మామూలు రోడ్ల మీదే సుమారు 400 మైళ్ళ దారిని ప్రభుత్వం ట్రెడ్‌వేర్ పరీక్షకు నిర్ణయించింది. గుడ్‌ఫెలో వైమానిక స్థావరం దగ్గర మొదలవుతుంది. అందులో దక్షిణపు చుట్టు ఎల్డొరాడో, సొనోరా, జూనో మీదుగా క్యాంప్ హడ్సన్ స్మారక ఫలకం దాకా వెళ్ళి, వచ్చిన దారినే తిరిగొస్తుంది. నేను సొనోరా దాకా ఆ దారిలో నడిపాను. రెండువైపులా మెస్కీట్ పొదలు, కంచెలవతల మేకలు, గొర్రెలు. పరీక్షకు సంబంధించిన బోర్డు ఒక్కటీ నా కంటపడలేదు. కానీ రోడ్డు మాత్రం చెవికి తెలిసింది. తారు మీద కంకర పైకి తేలిన చోట టైర్ల హోరు ఒక్కసారిగా పెరుగుతుంది, నున్నటి చోట తగ్గిపోతుంది. అరుగుదల అంటే ఇదే కదా, ఈ కంకర మొనలకీ రబ్బరుకీ మధ్య జరిగేది.

పరీక్ష ఇలా జరుగుతుంది. రెండు నుంచి నాలుగు కార్లు వరసగా కాన్వాయ్‌గా వెళ్తాయి. ఒక కారుకు ప్రామాణిక టైర్లు ఉంటాయి, మిగతావాటికి పరీక్షించాల్సినవి. ముందు 800 మైళ్ళు టైరు కుదురుకోవడానికి. తర్వాత 6,400 మైళ్ళు అసలు పరీక్ష. ప్రతి 800 మైళ్ళకీ గాడి లోతు కొలుస్తారు, టైర్ల స్థానాలు మారుస్తారు. ఎండైనా వానైనా రెండు రకాల టైర్లకీ ఒకేలా తగులుతుంది కాబట్టి, ప్రామాణిక టైరుతో పోల్చి లెక్కగడతారు. 100 గ్రేడుకు రెండింతలు మన్నితే 200, ఏడింతలైతే 700. ఆలోచన చక్కటిది. నాకు ఆ పద్ధతి మీద కోపమేమీ లేదు.

నా అభ్యంతరం అక్కడినుంచి మొదలవుతుంది. 60 వేల మైళ్ళు వస్తుందని అమ్మే టైరుని 6,400 మైళ్ళు తిప్పి, ఆ కొద్దిపాటి అరుగుదలను గీత గీసినట్టు చివరిదాకా పొడిగిస్తారు. కొత్త రబ్బరు అరిగినట్టే పాతబడిన రబ్బరూ అరుగుతుందని, పైపొర కింద ఉన్నదీ పైపొరలాగే ఉంటుందని అనుకోవాలి. పైగా టైరు మీద గ్రేడు వేసేది ప్రభుత్వం కాదు, కంపెనీ. టైరు ఆ గ్రేడును అందుకోగలగాలి, అంతవరకే నిబంధన. ప్రభుత్వం కొన్ని టైర్లు తెచ్చి సరిచూడొచ్చు గానీ, టైరు టైరుకీ ముద్ర వేసి పంపదు. కంపెనీ కావాలనుకుంటే తక్కువ గ్రేడు కూడా వేసుకోవచ్చు. ఒక కంపెనీ అందినంతా రాసుకుంటుంది, ఇంకోటి జాగ్రత్తపడి తగ్గించి రాస్తుంది. ఇక రెండు కంపెనీల నంబర్లు పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థమేముంది? పోల్చడం కోసమేగా ఆ నంబరు పుట్టింది!

నంబరును అవసరానికి తగ్గట్టు రాసుకోవడం ఊహ కాదు. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా నడిపే ఆటోక్రాస్ అనే కార్ల పోటీల్లో స్ట్రీట్ తరగతి కార్లకు ట్రెడ్‌వేర్ కనీసం 200 ఉండాలని నియమం ఉంది. మరీ మెత్తటి, బంకలాంటి రబ్బరు రాకూడదని ఆ హద్దు. దాంతో సరిగ్గా 200 అని రాసుకున్న పోటీ టైర్లు బజారు నిండా ఉన్నాయి. అవన్నీ ఒకేలా మన్నవని పోటీలకు వెళ్ళే ప్రతివాడికీ తెలుసు. అవసరాన్ని బట్టి నంబరు వచ్చి కూచుంటోందంటే అది కొలత ఎలా అవుతుంది?

నా సంగతి కూడా చెప్తాను. ఇదివరకటి కారుకు 500 గ్రేడున్న టైర్లు వేయిస్తే 52 వేల మైళ్ళు వచ్చాయి. ఆ అనుభవంతో, అదే కారుకు ఇంకో కంపెనీవి 640 గ్రేడున్నవి వేయించాను. 36 వేలకే, టైరు పని అయిపోయిందని చెప్పే అరుగుదల పట్టీలు పైకి తేలాయి. ఆఫీసు మారలేదు, రోడ్డు మారలేదు, నడిపింది నేనే. 65 వేల మైళ్ళ వారంటీ ఉంది కదా అని దుకాణానికి వెళ్తే రొటేషన్ (టైర్ల స్థానాలు మార్పించిన) రసీదులు అడిగారు. ఐదుకి నాలుగు దొరికాయి. ఒకటి లేదని వారంటీ కుదరదన్నారు. అలైన్‌మెంట్ తేడా ఉండొచ్చు, ఎండ ఉండొచ్చు, గాలి తగ్గి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. ఒకడి కారుతో సిద్ధాంతం చేయకూడదని నాకూ తెలుసు. కానీ నాకు మిగిలిన ప్రశ్న వేరే ఉంది. సైడ్‌వాల్ (టైరు పక్కభాగం) మీది 640కీ, వారంటీ కాగితం మీది 65 వేలకీ ఏం సంబంధం? ఏమీ లేదు. ఒకటి ప్రభుత్వ నిబంధన, ఇంకోటి అమ్మకం మాట. రెండింటినీ కలిపే గొలుసు చట్టంలో ఎక్కడా లేదు.

ఇక ట్రాక్షన్. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే టైరు త్వరగా అరిగితే డబ్బు పోతుంది, వానలో పట్టు తప్పితే మనిషి పోతాడు.

ఈ గ్రేడు కూడా శాన్ ఏంజెలోలోనే పుడుతుంది. తడిపిన తారు పట్టీ ఒకటి, కాంక్రీటు పట్టీ ఒకటి. ట్రైలరుకు టైరు బిగించి, గంటకు 40 మైళ్ళ వేగంతో లాక్కెళ్తూ, చక్రాన్ని పూర్తిగా లాక్ చేసి ఈడుస్తారు. ఆ ఈడ్పులో వచ్చే ఘర్షణను కొలుస్తారు. తారు మీద 0.54, కాంక్రీటు మీద 0.38 దాటితే ఏఏ. 0.47, 0.35 దాటితే ఏ. 0.38, 0.26 దాటితే బీ. అంతకు తక్కువైతే సీ. ఏఏ అనే మెట్టు మొదట్లో లేదు, 1990ల్లో చేర్చారు.

ఈ అంకెల్ని అడుగుల్లోకి మార్చి చూద్దాం. 40 మైళ్ళ వేగంలో చక్రాలు లాక్ అయి జారితే, 0.54 దగ్గర కారు సుమారు 99 అడుగుల్లో ఆగుతుంది. 0.47 దగ్గర 114 అడుగులు. అంటే ఏ అన్న ఒక్క అక్షరం లోపలే ఒక కారు పొడవంత తేడా దాక్కునుంది. ముందాగిన బండికి తగలకుండా ఆగిన టైరూ ఏ, దాని డిక్కీలోకి దూసుకెళ్ళిన టైరూ ఏ. కుర్రాడు పంపిన మూడు ఫొటోల్లోనూ ఉన్నది ఆ అక్షరమే.

అసలు చక్రం లాక్ అవడం గురించి మనం ఇంకా ఎందుకు మాట్లాడుకుంటున్నాం? 2012 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కొత్త కారుకీ, అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. దాంతోపాటే ఏబీఎస్ ప్రతి కారులోకీ వచ్చేసింది. ఏబీఎస్ చేసే పనే చక్రాన్ని లాక్ కానివ్వకపోవడం. తడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా తొక్కితే పాదం కింద టకటకమని కొట్టుకునేది అదే. చక్రం కొద్దిగా జారుతూ, ఇంకా తిరుగుతూ ఉన్నప్పుడు టైరుకు పట్టు ఎక్కువ. పూర్తిగా లాక్ అయి ఈడ్చుకుపోతే తక్కువ. ఏబీఎస్ ఆ ఎక్కువ పట్టు దగ్గరే చక్రాన్ని ఆడిస్తుంది. మన గ్రేడు ఆ తక్కువ పట్టును కొలుస్తుంది. ఒకదాంట్లో మెరుగైన టైరు రెండోదాంట్లోనూ మెరుగ్గా ఉండాలని ఏమీ లేదు. ప్రభుత్వమే లేబుల్ మీద రాయించింది: ఈ గ్రేడు సూటిగా బ్రేకు వేసినప్పటిదే, మలుపులకు, నీటి మీద తేలిపోవడానికి, గరిష్ఠ పట్టుకు వర్తించదని. అంటే మన కార్లలో ప్రతిరోజూ పనికొచ్చే పట్టు ఈ గ్రేడులో లేదని తనే ఒప్పుకుంటూ, ఆ గ్రేడునే ఇస్తోంది. పోయిన అక్టోబరు వానలో మా ఇంటావిడ ఐ-35 హైవే మీద ఉన్నట్టుండి బ్రేకు తొక్కాల్సొచ్చింది. కారు ఆగింది. ఆ ఆగడం గురించి టైరు మీది అక్షరం నాకు ముందుగా చెప్పగలిగింది ఏమీ లేదు.

టెంపరేచర్ గ్రేడు ఏ, బీ, సీ. వేడిని తట్టుకోవడం, బయటికి వదిలేయడం. ప్రయోగశాలలో డ్రమ్ము మీద తిప్పి చూస్తారు. 115 మైళ్ళ వేగం దాటి నిలిస్తే ఏ, 100 దాటితే బీ. సీ అంటే చట్టం ప్రతి కారు టైరునుంచీ కోరే కనీస స్థాయి. నేటి కారు టైర్లలో చాలావాటికి ఏ వచ్చేస్తుంది కాబట్టి దీన్ని పట్టించుకోనక్కర్లేదు అనే మాట తరచూ వింటాను. నేను ఒప్పుకోను. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది, ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకు వేసినవి. ట్రెడ్ (రోడ్డును తాకే పైపొర) ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టాయి. ఆ ప్రమాదాల్లో 270 మందికి పైగా చనిపోయారు. ఆ టైర్ల మీద టెంపరేచర్ గ్రేడు సీ. సీ ఉండడమే కారణమని నేననడం లేదు. తయారీ లోపాలు, తక్కువ గాలి, ఎండ, బండి బరువు అన్నీ కలిశాయి. కానీ ఆ అక్షరం మొదటినుంచీ టైరు మీదే ఉంది. సీ అంటే అంతకన్నా తక్కువైతే అమ్మకూడదనే గీత అని కొన్నవాళ్ళకు ఎవరు చెప్పారు? బళ్ళో సీ వస్తే పాసైనట్టే అనుకునే దేశంలో?

చెప్పాల్సింది కాగితం లేబుల్. విడిగా అమ్మే కొత్త టైర్ల ట్రెడ్ మీద గ్రేడ్ల వివరణతో కాగితం అంటించాలని నిబంధన ఉంది. దాన్ని మీరెప్పుడైనా చదివారా? మనం ముందు గదిలో కాఫీ తాగుతుంటే లోపల మెకానిక్ దాన్ని పీకేసి బిగించేస్తాడు. అతని తప్పు కాదు, దాంతోనే రోడ్డెక్కనివ్వలేడు. మనం చదవాల్సింది డబ్బు కట్టకముందు. అప్పటికి టైరు గిడ్డంగిలో ఉంటుంది, లేబుల్ దాని మీద ఉంటుంది, మన ముందు ఉన్నది ధరల పట్టిక. అన్నట్టు, ప్రత్యేకించి మంచు కోసం చేసిన టైర్లకు, చిన్న స్పేర్ టైర్లకు ఈ గ్రేడ్లే వర్తించవు. మిషిగన్‌లో శీతాకాలం గడిపేవాడికి తన ప్రాణం నిలిపే టైరు గురించి ఈ పద్ధతి ఒక్క ముక్క కూడా చెప్పదు.

"ఇంటర్నెట్‌లో రివ్యూలున్నాయి, పత్రికల పరీక్షలున్నాయి, ఇంక ప్రభుత్వమెందుకు?" అంటారు మిత్రులు. పత్రికలు పరీక్షించేది పేరున్న కొన్ని టైర్లనే, అదీ ఒకటి రెండు సైజుల్లో. పాత సెడాన్‌కు సరిపోయే చవక టైరు జోలికి పోవు. రివ్యూలు రాసేవాళ్ళు చాలామంది టైరు వేయించిన వారానికే ఐదు నక్షత్రాలు ఇచ్చేస్తారు. ధర చూసి కొనేవాడికే ఖచ్చితమైన సమాచారం ఎక్కువ అవసరం, వాడికే అది దొరకడం లేదు.

ఐరోపాలో 2012 నవంబరు నుంచి టైరుకు లేబుల్ ఉంది, 2021 మేలో దాన్ని ఇంకా పదును పెట్టారు. ఇంధనం ఎంత మిగులుతుందో ఒక అక్షరం, తడి రోడ్డు మీద బ్రేకు ఒక అక్షరం, చప్పుడు డెసిబెల్స్‌లో, మంచుకు పనికొస్తుందో లేదో గుర్తులు. ఏ (A) నుంచి ఈ (E) దాకా మెట్లున్నాయి, టైర్లు నిజంగానే వాటి మధ్య చెదిరి ఉంటాయి. ఆన్‌లైన్‌లో అమ్మినా చూపించాల్సిందే. ఆ లేబుల్‌లోనూ గ్రేడు ఇచ్చేది కంపెనీయే, అరుగుదల గురించి ఇంకా లేదు. కాబట్టి దాన్ని నెత్తిన పెట్టుకోమని అనను. కానీ టైరులో ఒకటి పెంచితే ఇంకోటి తగ్గే గుణం ఉంది. ఎక్కువ మైళ్ళు రావాలని గట్టి రబ్బరు వేస్తే తడిలో పట్టు తగ్గొచ్చు. అందుకని ఒకే నంబరు మెరిసేలా చూపించి మిగతావి మసకగా ఉంచే లేబుల్, ఆ నంబరు కోసం మిగతావి వదులుకునే టైర్లను ప్రోత్సహిస్తుంది. కుర్రాడు 700 చూసి ఆశపడ్డాడు. తప్పెలా అంటాను?

అమెరికాకు ఈ తెలివి లేక కాదు. 2007 ఇంధన చట్టంలో కాంగ్రెస్ టైర్ల ఇంధన పొదుపు గురించి కొనేవాళ్ళకు చెప్పాలని ఆదేశించింది. 2010లో భద్రతా సంస్థ పరీక్షా పద్ధతులు ఖాయం చేసింది, లేబుల్ సంగతి తర్వాత చూస్తామంది. ఆ తర్వాత ఇంకా రాలేదు. 1966లో రెండేళ్ళన్నది 1979 దాకా సాగినట్టే ఇదీ సాగుతోంది.

ఈ గ్రేడ్లు ఎత్తేయమనే వాళ్ళతో నేను లేను. 1984లో కోర్టు కాపాడినదాన్ని విసుగుతో వదులుకోవడం నాకు ఇష్టం లేదు. ట్రాక్షన్‌ను ఏబీఎస్ ఉన్న కారుతో, తడి రోడ్డు మీద, హైవే వేగానికి దగ్గరగా కొలిచి, ఆగిన దూరాన్ని అడుగుల్లోనే రాయండి. అక్షరమెందుకు? అడుగులు అందరికీ అర్థమవుతాయి. ట్రెడ్‌వేర్‌ను కంపెనీ చెప్పుకున్నా సరే, ఏటా కొన్ని టైర్లను దుకాణాల్లో కొని, సరిచూసి, ఫలితాలు పేర్లతో సహా బయటపెట్టండి. మైలేజీ వారంటీ ఇచ్చే కంపెనీ ఆ వారంటీ గ్రేడుతో ఎలా పొసుగుతుందో చూపించాలి. ధర కనిపించే ప్రతిచోటా గ్రేడూ కనిపించాలి. ఖర్చవుతుంది, నిజమే. నాలుగు టైర్లకు ఆరు వందల డాలర్లు పెట్టేవాడి మీద అందులో కొంత పడినా వాడు ఒప్పుకుంటాడనే నా నమ్మకం.

కుర్రాడు చివరికి 640ది వేయించుకున్నాడు. సైడ్‌వాల్ చూసి కాదు. దాని సైజులో తడి బ్రేకు పరీక్ష ఫలితం ఒకచోట దొరికింది, మిగతా రెండిటికీ దొరకలేదు. నేనూ వెళ్ళాను. "లేబుల్ చింపి పారేయకండి, మాకు కావాలి" అన్నాను మెకానిక్‌తో. ఆశ్చర్యపోయి, నాలుగూ జాగ్రత్తగా తీసి, మడిచి చేతిలో పెట్టాడు. జిగురు ఇంకా తడిగానే ఉంది. ఒకటి కుర్రాడి గ్లవ్‌బాక్సులో ఉంది, దాని వెనక మేం కొలిచిన లోతు రాసుకున్నాం. వేయించిన రోజు నాలుగూ అంగుళంలో 32వ వంతులు 10. ఆరువేల మైళ్ళ దగ్గర మొదటి రొటేషన్‌కి ముందువి 9, వెనకవి 10కి వెంట్రుకవాసి తక్కువ. రసీదు కూడా ఆ కాగితానికే పిన్ను చేయించాను. రెండో రొటేషన్ డిసెంబరులో.